నీటి కింద గడప

పిల్లలూ, ఈ కథ మీరు ఇంతవరకు వినలేదు. అమెరికా ప్రభుత్వం గురించి బడిలో మీకు పాఠం చెప్పే ఉంటారు. సభ ఎలా నడుస్తుందో, చట్టం ఎవరు చేస్తారో, దేశాన్ని ఏలేవాడు కూడా దానికి ఎందుకు లోబడాలో చెప్పి ఉంటారు. కానీ ఆ పద్ధతుల వేర్లు అమెరికాతో ఆగవు. సముద్రం దాటి ఇంగ్లండు గడ్డలోకి దిగిపోతాయి. అదంతా చెప్పాలంటే పెద్దవాళ్లకి బోలెడు పేర్లూ తారీఖులూ కావాలి. మనకి నాలుగు జంతువులు చాలు. జరిగింది జరిగినట్టు చెప్పడం లేదు, ఇది కథే. అయినా మీకు తప్పు నేర్పుతానేమోనని ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునే మొదలుపెడుతున్నాను.

అనగనగా ఒక పాత అడవి, ఒక కొత్త అడవి. రెండింటి మధ్య పెద్ద సముద్రం.

పాత అడవికి సింహం రాజు. ఎవరి బొరియలో ఏది కనబడితే అది పట్టుకుపోయేది. సింహానికి దుంపలూ గింజలూ ఎందుకని అడగకండి. దానికి పెద్ద పరివారం ఉండేది. అందరికీ మేత కావాలి కదా. ఎవరైనా నోరు విప్పితే, వాళ్లని ముళ్లపొదలోకి తోయించేది.

ఒక ఏడు అడవిదున్నలకీ ఎలుగులకీ ఓపిక నశించింది. ఏటి ఒడ్డున పచ్చికబయలులో సింహాన్ని చుట్టుముట్టాయి. మూడు మాటలకి ఒప్పుకుంటేనే దారి ఇస్తామన్నాయి.

మొదటి మాట: ఎవరి ఇంట్లోదీ అడగకుండా తీసుకోకూడదు.

రెండో మాట: ఇరుగుపొరుగు కూర్చుని వినకుండా ఎవరికీ శిక్ష వేయకూడదు.

మూడో మాట: ఈ మాటలకి పైన ఎవరూ లేరు, రాజు కూడా లేడు.

సింహం అటూ ఇటూ చూసింది. ఎటు చూసినా కొమ్ములే. చేసేదిలేక తడి బంకమట్టి మీద పంజా ఒత్తి ఒప్పుకుంది. మట్టి ఎండింది, ముద్ర నిలిచింది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ రోజు దున్నలూ ఎలుగులూ అడిగింది తమ కోసమే. కుందేళ్ల సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆ మూడు మాటలు చిన్న జంతువులకీ వర్తించడానికి ఎన్నో తరాలు పట్టింది. తర్వాత వచ్చిన సింహాలు మర్చిపోయినట్టు నటించేవి. ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ ముద్ర దగ్గరికి లాక్కెళ్లి చూపించాల్సి వచ్చేది.

కొంతకాలానికి కొన్ని కుందేళ్లు, ఉడుతలు, దుప్పులు నీళ్లలో తేలే ఒక పెద్ద మాను ఎక్కి సముద్రం దాటాయి. కొత్త అడవిలో, విల్లో చెట్లున్న ఏటి ఒడ్డున దిగాయి. ముద్ర వేసిన మట్టిని తెచ్చుకోలేదు గానీ మూడు మాటలూ నోట పట్టుకొచ్చాయి.

సభ కూడితే ముందు ఆ మూడు మాటలూ చెప్పాలి. ఆ పని గరికమ్మ అనే కుందేలుది. వాళ్ల అమ్మ తర్వాత ఆమెకి వచ్చింది. సభలో అందరూ చెవులెత్తి ఒప్పుకున్నాక, గరికమ్మ బండ మీద వెనక కాలితో దబ్బున కొట్టాలి. కొడితేనే ఆ తీర్మానం చెల్లుతుంది.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఎవరి ఇంటి నుంచి ఏం కావాలన్నా గడప బయట నిలబడాలి. ఎంత కావాలో, ఎందుకు కావాలో చెప్పాలి. లోపల ఇంటిల్లిపాదీ మాట్లాడుకుని బయటికి వచ్చేదాకా ఆగాలి. ఉడుతల ఇంటి ముందైతే మధ్యాహ్నం దాకా ఆగాల్సి వచ్చేది. అవి ఒక మాట మీదకి రావడం అంత కష్టం.

సముద్రం అవతల ఉన్న సింహానికి, వీళ్లు సభ పెట్టుకుని తమ పనులు తామే చూసుకోవడం నచ్చలేదు. నక్కని పంపింది. నక్క మొదటిసారి వచ్చి, ఎండుదుంపల్లో పదో వంతు రాజుగారికి పెట్టమంది. రెండోసారి వచ్చి, గింజల్లో సగం పెట్టమంది. మూడోసారి తోడేళ్లని వెంటబెట్టుకొచ్చి, వీటిని మీ బొరియల్లోనే ఉంచుకుని మేపమంది. మూడుసార్లలో ఒక్కసారి కూడా గడప బయట ఆగలేదు.

గరికమ్మ దానికి ఎదురెళ్లి, మా ఇంట్లోది కావాలంటే మమ్మల్ని అడగాలి కదా అంది.

"అడిగినట్టే అనుకోండి," అంది నక్క. "మీ మనసులో ఏముందో రాజుగారికి అక్కడి నుంచే తెలుసు. మీ తరఫున ఆయనే సరేననేశారు."

ఆ మాటకి ఉడుతలు కూడా నవ్వాయి. దుప్పుల పెద్ద భీమన్న మాత్రం నవ్వలేదు. అతను తోడేళ్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"అడిగి తీసుకోండి," అన్నాడు. "లేదా వచ్చిన దారినే పొండి."

పెద్ద పోరాటమే జరిగింది. భీమన్న కొమ్ము చివర విరిగింది. తోడేళ్లు మాను ఎక్కి వెళ్లిపోయాయి. సింహం పెత్తనం అంతటితో తీరిపోయింది.

ఆ తర్వాతి సభలో కుర్ర ఉడుతలు కొన్ని, సింహం పోయింది కాబట్టి సింహం అడవి నుంచి తెచ్చుకున్న మాటలు కూడా పారేద్దామన్నాయి. గరికమ్మ ఒప్పుకోలేదు.

"అవి సింహం పెట్టినవి కావర్రా," అంది. "సింహాన్ని ఆపినవాళ్లు పెట్టినవి. సింహం మనది కాదు గానీ, ఈ మాటలు మనవే."

అది నిజమే అనిపించి అందరూ చెవులెత్తారు. భీమన్నని రాజుని చేద్దామని కూడా కొందరు అన్నారు. అతను కొమ్ములు ఊపి చూపించి, ఇక్కడ కిరీటం ఎక్కడ నిలుస్తుందిరా అని నవ్వేశాడు. ఇంత మంచివాడు పిల్లలూ భీమన్న. ఇకముందు జరిగేది వింటున్నప్పుడు ఆ సంగతి మర్చిపోకండి.

రెండేళ్లు చల్లగా గడిచాయి. మూడో ఏడు వాన పడలేదు. ఊట ఎండిపోయింది. ఏటిలో ఇసుక తేలింది. గరికమ్మకి అప్పుడే నాలుగు పిల్లలు పుట్టాయి. ఇంకా కళ్లు తెరవలేదు. తల్లికి నీళ్లు లేకపోతే పాలు ఎక్కడివి? రోజురోజుకీ పాలు తగ్గుతున్నాయి. పిల్లలు మూతులతో వెతుక్కుని వెతుక్కుని అలాగే నిద్రపోయేవి.

నీళ్లు ఒక్కచోటే ఉన్నాయి. ఏటికి ఎగువన, బీవర్ల మడుగులో. బీవర్లు మీకు తెలుసు కదా. చెట్లు కొరికి, పుల్లలూ మట్టీ పేర్చి ఏటికి అడ్డంగా కట్ట కడతాయి. వెనక నిలిచిన నీళ్లలో ఇల్లు కట్టుకుంటాయి. మాను మీద మనవాళ్లు రాకముందు నుంచీ ఆ బీవర్లు అక్కడే ఉన్నాయి. కుందేళ్లు బొరియలు తవ్వుకున్న విల్లో గట్టు కూడా నిజానికి వాటిదే. ఆ చెట్ల బెరడే వాటి చలికాలపు తిండి.

మరి అన్నీ గడప దగ్గర ఆగి అడిగే ఈ జంతువులు బీవర్లని ఎందుకు అడగలేదు? బీవరు ఇంటికి గుమ్మం నీటి కింద ఉంటుంది. పైనుంచి చూస్తే పుల్లల కుప్పే. గడప కనబడదు. గడప లేనిది ఇల్లెలా అవుతుంది, ఇల్లు కానిదాన్ని అడగడమేమిటి అనుకున్నాయి. ఎవరూ కుళ్లుతో అనుకోలేదు. నిజంగానే అలా అనుకున్నాయి.

సభ కూడింది. గరికమ్మ మూడు మాటలూ చెప్పింది. భీమన్న లేచాడు. కట్ట పగలగొడదాం, ఒక్క పూటలో నీళ్లు మన గుమ్మాల ముందుంటాయి అన్నాడు. అందరూ అతనికేసే చూస్తున్నారు. అందరి నాలుకలూ పిడచగట్టుకుపోయి ఉన్నాయి.

వాళ్లని ఒక మాట అడగాలేమో అంది గరికమ్మ. అలా అన్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"గడప ఎక్కడుందో చూపించు పిన్నీ," అన్నాడు భీమన్న. "నేనే వెళ్లి అడుగుతాను."

సభ గొల్లుమంది. చెవులన్నీ లేచాయి. ఇక గరికమ్మ బండ మీద కాలితో కొట్టడమే మిగిలింది.

ఆమె కాలెత్తింది. బొరియలో ఉన్న నాలుగు మూతులూ గుర్తొచ్చాయి. కొడితే సాయంత్రానికల్లా నీళ్లు. కొట్టాలనే అనుకుంది. అంతలో తాను ఇందాక చెప్పిన మాటే చెవిలో మోగింది. ఎవరి ఇంట్లోదీ అడగకుండా తీసుకోకూడదు. ఇంతే ఉంది అందులో. గడప ఉంటేనే అడగాలని ఎక్కడా లేదు. గడప సంగతి తర్వాత అలవాటైంది. అడిగినట్టే అనుకోండి అన్న నక్కకీ, ఇల్లు కాదనుకోండి అంటున్న తమకీ తేడా ఏముందో ఆమెకి ఎంత వెతికినా దొరకలేదు.

గరికమ్మ కాలు మెల్లగా దించేసింది.

సభ అంతా ఒక్కసారిగా లేచింది. పిల్లల తల్లివి, నీకు మనసెలా ఒప్పిందని ఆమె చెల్లెలే మొహం మీద అడిగింది. భీమన్న మాత్రం గొంతు పెంచలేదు. ఎన్ని రోజులు కావాలి పిన్నీ అన్నాడు. మూడు అంది. మూడో రోజు పొద్దుగూకితే నువ్వు కొట్టినా కొట్టకపోయినా నేను వెళ్తాను అన్నాడు.

మొదటి రోజు గరికమ్మ మడుగు ఒడ్డున నిలబడి గొంతు పోయేలా పిలిచింది. గాలిలో అరిచింది నీటి కింద వినబడదు. ఎవరూ రాలేదు. ఎదురుగా అన్ని నీళ్లున్నాయి. మూతి వంచితే చాలు. అడగకుండా తాగకూడదని ఆమె మంచు తడి అంటిన గడ్డి నాకి ఊరుకుంది.

రెండో రోజు నోటినిండా విల్లో కొమ్మలు తెచ్చి ఒక్కొక్కటే నీళ్లలో వదిలింది. ఒక గోధుమరంగు మూతి పైకొచ్చి, కొమ్మ పట్టుకుని లోపలికి పోయింది. మాటా లేదు పలుకూ లేదు. ఆ రాత్రి నాలుగో పిల్ల పాలు తాగలేదు.

మూడో రోజు గరికమ్మకి ఏం చేయాలో తోచలేదు. కట్ట మీదికి ఎక్కింది. తనకి తెలిసిన ఒకే ఒక్క పని చేసింది. వెనక కాలితో దబ్, దబ్, దబ్ అని కొట్టింది.

నీళ్లు కదిలాయి. ఒక పెద్ద బీవరు తల పైకెత్తింది. దాని పేరు మడుగమ్మ. ఆ ఇంటికి పెద్ద దిక్కు.

"కట్ట మీద ఏంటమ్మా ఆ గంతులు," అంది. "లోపల పిల్లలు పడుకున్నారు."

"నా పిల్లలూ పడుకునే ఉన్నారు," అంది గరికమ్మ. "లేచే ఓపిక లేక."

మడుగమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. గరికమ్మ ఆచారం ప్రకారం చెప్పింది. మీ గడప ఎక్కడుందో తెలియక ఇక్కడ నిలబడ్డానంది. వాన పడేదాకా దాహానికి సరిపడా నీళ్లు కావాలంది. ఊట ఎండిందని, బొరియల్లో ఎంతమంది ఉన్నారో, అందులో చిన్నవాళ్లు ఎంతమందో లెక్క చెప్పింది.

మడుగమ్మ దిగువన ఉన్న గట్టుకేసి చూసింది. తర్వాత, ఆ విల్లో గట్టు మా అమ్మది, మీరు దాన్ని తవ్వినప్పుడు ఎవరూ అడగలేదే అంది. మీరు నక్కతో చెప్పిన మాటలన్నీ మేం నీళ్లలోంచి తల బయటపెట్టి విన్నాం, భలే మాటలు అనుకున్నాం, మా దాకా ఎప్పుడొస్తాయా అని చూశాం అంది.

"అవును," అంది గరికమ్మ. "అడగలేదు. తప్పు మాదే."

"ఇప్పుడు నేను ఇవ్వనంటే?"

గరికమ్మకి నాలుగో పిల్ల కళ్లముందు మెదిలింది. ఇవ్వనంటే ఏంచేయాలో అమ్మ ఆమెకి నేర్పలేదు. అయినా అడగడమంటే అదేనని ఆమెకి అర్థమైంది.

"ఇవ్వనంటే వెనక్కి వెళ్లి, ఇవ్వనన్నారని చెబుతాను."

మడుగమ్మ మొహంలో గట్టిదనం కాస్త తగ్గింది. ఇంట్లో వాళ్లతో మాట్లాడి వస్తాను, ఆగమంది. మునిగి లోపలికి పోయింది.

గరికమ్మ ఆగింది. పొద్దు ఇంకా బారెడుంది. అప్పుడే ఏటి ఇసుకలో గిట్టల చప్పుడు వినబడింది. భీమన్న, వెనక ముగ్గురు కుర్ర దుప్పులు.

పొద్దుగూకలేదు కదా అంది గరికమ్మ. నాలుగో పిల్లని చూసొచ్చాను పిన్నీ, పొద్దుగూకేదాకా ఆగలేను అన్నాడు భీమన్న. అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. కోపంగా ఉంటే ఎదురు చెప్పడం తేలిక.

లోపల మాట్లాడుకుంటున్నారు, కాసేపు ఆగమని బతిమాలింది. ఎవరు, పుల్లలా అన్నాడు. ఆమె కిందికి దిగి కట్టకి అడ్డంగా కూర్చుంది. భీమన్న కొమ్ముతో ఆమెని నొప్పి కలగకుండా పక్కకి జరిపాడు. కట్ట అడుగున ఉన్న పెద్ద దుంగకి కొమ్ములు తగిలించి లాగాడు.

ఒక్క దుంగ. అంతే.

నీళ్లు మెల్లగా రాలేదు. ఒక్క ఉరుకున వచ్చాయి. అంత పెద్ద భీమన్నని కాళ్లకింది నుంచి ఎత్తి రాళ్ల మీద పడేశాయి. ఎర్రటి బురద ఏటి పొడవునా దిగువకి దొర్లింది. గట్టు కింద వరసలో ఉన్న రెండు బొరియలు బురదతో పూడిపోయాయి. అప్పుడు వాటిలో ఎవరూ లేకపోవడం అదృష్టం. వాటికి కాస్త పైన ఉన్న మూడో బొరియ గరికమ్మది.

నీటి కింద నుంచి బీవర్లు బిలబిలా వచ్చాయి. అరవలేదు, తిట్టలేదు. కొన్ని పుల్లలు పట్టాయి, కొన్ని మట్టి పట్టాయి, అన్నిటికన్నా పెద్దది తన ఒంటినే కన్నానికి అడ్డం పెట్టింది. బురద గరికమ్మ గడప తాకుతుండగా నీళ్లు ఆగాయి.

భీమన్న కుంటుకుంటూ లేచాడు. దిగువన ఉన్న గట్టుని చూశాడు, వెనక నిలిచి ఉన్న మడుగుని చూశాడు. మొత్తం కట్ట తెగితే ఏమయ్యేదో ఎవరూ అతనికి చెప్పక్కర్లేదు.

"అడిగి ఉంటే చెప్పేదాన్ని," అంది మడుగమ్మ.

ఆమె మళ్లీ లోపలికి పోయింది. ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. వచ్చి, మా ఇంట్లో సగంమంది వద్దన్నారు, ఈ కొమ్ములాయన పని చూశాక వాళ్లని తప్పుపట్టలేను అంది. అయినా అడిగినావిడకి ఇద్దామని మిగతావాళ్లు పట్టుబట్టారట. కట్టకి ఒక పక్కన, పంజా వెడల్పున సన్నటి కాలువ తీస్తాం, పూటపూటా మేమే చూసుకుంటాం అంది.

గరికమ్మ అక్కడే, అప్పుడే, మూతి వంచి తాగింది. తర్వాత ఇంటికి పరిగెత్తింది. తెల్లారేసరికి నాలుగో పిల్ల తోబుట్టువుల్ని తన్నుకుంటూ పాలు తాగింది.

మర్నాడు సభ మడుగు ఒడ్డునే పెట్టారు, బీవర్లు కూడా వినడానికి వీలుగా. భీమన్న చేసిన పని గురించి మాట్లాడాలి. ఒక ముసలి ఉడుత లేచి, తోడేళ్లని తరిమినవాణ్ణి నిలబెట్టి అడగడమేమిటి, వదిలేద్దాం అంది. చాలా చెవులు లేచాయి. భీమన్నే అడ్డుకున్నాడు.

"మూడో మాట ఇంకోసారి చెప్పు పిన్నీ," అన్నాడు. "గట్టిగా చెప్పు."

ఆమె చెప్పింది. తర్వాత పన్నెండుమంది ఇరుగుపొరుగు కూర్చున్నారు. అందులో నలుగురు బీవర్లు. భీమన్న మాట విన్నారు, మడుగమ్మ మాట విన్నారు. శీతాకాలం వచ్చేదాకా కట్టకి దుంగలు మోయాలని తీర్పు చెప్పారు. బీవరు పిల్లలు అతని కొమ్ములకి పుల్లలు వేలాడదీసి, అటు నడు బాబాయ్, ఇటు నడు బాబాయ్ అని తిప్పేవి. అతను తిరిగేవాడు.

మొదటి మాటకి ఆ రోజే ఒక చిన్న తోక తగిలించారు: గడప కనబడకపోతే, కనబడేదాకా వెతకాలి.

వానలు పడ్డాయి. ఊట మళ్లీ ఊరింది. ఒక ఉదయం గరికమ్మ బయటికి వచ్చేసరికి ఆమె గడప ముందు మడుగమ్మ నిలబడి ఉంది. ఒంటి నుంచి నీళ్లు కారుతున్నాయి.

"విల్లో గట్టులో పై సగం కావాలి," అంది. "చలికాలం తిండికి."

పై సగంలో పదకొండు బొరియలున్నాయి. అందులో మొదటిది గరికమ్మది. ఆమె లోపలికి వెళ్లింది. పదకొండు ఇళ్లవాళ్లూ అక్కడ చేరారు. మాట్లాడుకున్నారు, పోట్లాడుకున్నారు, ఏడ్చారు. మధ్యాహ్నం అయింది. మడుగమ్మ ఎండలో అలాగే నిలబడింది. తడిసిన బొచ్చంతా ఆరిపోయింది. ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూడలేదు.

చివరికి పదకొండు ఇళ్లూ సరేనన్నాయి, గరికమ్మ బయటికి వచ్చింది. నోట నాలుగో పిల్ల ఉంది. దానికి కళ్లు తెరుచుకున్నాయి. దాన్ని కొత్త చోట దించి వచ్చి, ఇంకో పిల్లని ఎత్తుకుంది.

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఉంచేసుకోకండి. మీ తోటివాళ్లకి, మీకంటే చిన్నవాళ్లకి చెప్పండి. సింహాన్ని ఎదిరించిన దగ్గర ఆపేస్తే కథ బాగానే ఉంటుంది, కానీ సగమే అవుతుంది. మడుగు దాకా తీసుకెళ్లి, కింది మాట కూడా చెప్పి అప్పుడు ఆపండి.

నీతి: మన ఇంటిని కాపాడిన నియమాన్ని ఎదుటివారి ఇంటి ముందు కూడా పాటించినప్పుడే అది న్యాయం అవుతుంది.